నీలి స్పార్కిల్ లుడ్విగ్‌కి మూడో డ్రమ్ము: ప్రాజెక్టు డైరీ

చేతిలో ఉన్నవి

నా దగ్గర 22 అంగుళాల బేస్ డ్రమ్ము, 13 అంగుళాల ర్యాక్ టామ్ (బేస్ డ్రమ్ము పైన అమర్చే చిన్న డ్రమ్ము) ఉన్నాయి. రెండూ అమెరికా డ్రమ్ముల కంపెనీ లుడ్విగ్‌వి, రెండూ బ్లూ స్పార్కిల్ (తళుకుల నీలం). రెండింటి లోపలా ఎర్ర సిరాతో కొట్టిన 1965 నాటి తేదీ ముద్ర ఉంది. వీటితో ఉండాల్సిన 16 అంగుళాల ఫ్లోర్ టామ్ (కాళ్ల మీద నిలబడే పెద్ద టామ్) ఎప్పుడో, ఎవరి చేతుల్లోనో విడిపోయింది. అది దొరికితే 1960లలో లుడ్విగ్ వాళ్లు 'సూపర్ క్లాసిక్' పేరుతో అమ్మిన సెట్టు పూర్తవుతుంది.

పని వినడానికి తేలిక. అదే కంపెనీ, అదే సైజు, అదే రంగు ఉన్న డ్రమ్ము కొనాలి, అంతే. కానీ 60 ఏళ్ల వస్తువు విషయంలో 'అదే రంగు' అన్న మాట దగ్గరే అసలు చిక్కు. పాత డ్రమ్ముల ధర సగానికి సగం ఫినిష్ మీద ఆధారపడుతుంది. ఆ ఫినిష్ నిజమా కాదా అన్నది పైకి కనిపించే మెరుపును బట్టి తెలియదు. లగ్గుల (డ్రమ్ము పై పొరని బిగించే లోహపు ముక్కలు) కింద, హూప్ (ఆ పొరని అంచున పట్టి ఉంచే రింగు) కింద, బ్యాడ్జి (కంపెనీ పేరున్న బిళ్ల) చుట్టూ చూస్తేనే తెలుస్తుంది. అందుకే కొనడానికి ముందు నా దగ్గరున్న రెండింటినీ విప్పి, వాటి రంగు ఏమైందో అర్థం చేసుకోవాలనుకున్నాను.

లగ్ కింద రంగు

ర్యాక్ టామ్‌కి పైన ఆరు, కింద ఆరు లగ్గులు. బ్యాడ్జికి ఎదురుగా ఉన్న ఒక లగ్ విప్పాను. లోపలి నుంచి రెండు స్క్రూలు తీసి, లగ్‌ని బయటికి లాగగానే దాని ఆకారం అచ్చు గుద్దినట్టు షెల్ (డ్రమ్ము చెక్క గోడ) మీద కనిపించింది. లగ్ ఉన్న చోట చిక్కటి నెమలికంఠం రంగు. దాని చుట్టూ ఉన్న ర్యాప్ (షెల్‌కి అంటించిన రంగు ప్లాస్టిక్ రేకు) మాత్రం పాచి రంగు కలిసిన నీలం. రెంటికీ మధ్య గీత గీసినంత స్పష్టమైన అంచు. ఇంతకాలం నేను బ్లూ స్పార్కిల్ అనుకుంటున్నది నిజానికి సగం ఆకుపచ్చ.

కారణం ఇదీ. స్పార్కిల్ ర్యాప్‌లో తళుకులు అడుగున ఉంటాయి, వాటి మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఎండ, గాలి, క్లబ్బుల్లోని సిగరెట్ పొగ తగిలి ఏళ్ల తరబడి ఆ పై పొర పసుపెక్కుతుంది. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ కనిపిస్తుంది. ఇదే పసుపు సిల్వర్ స్పార్కిల్ మీద పడితే అది లేత బంగారు రంగుకి తిరుగుతుంది. సేకరించేవాళ్లు దాన్ని 'జింజర్ ఏల్' అంటారు. వైట్ మెరైన్ పెర్ల్ (ముత్యంలా మెరిసే తెల్ల ర్యాప్) అయితే మీగడ రంగు నుంచి వెన్న రంగుకీ, ఇంకా ముదిరితే గోధుమ రంగుకీ పోతుంది. స్కై బ్లూ పెర్ల్‌కి కూడా పచ్చదనం వస్తుంది.

ఇంకో సంగతి, డ్రమ్ము చుట్టూ రంగు ఒకేలా వెలవదు. నా బేస్ డ్రమ్ముకి ఒక పక్క దాదాపు కొత్తదానిలా ఉంది, ఎదురు పక్క బాగా తిరిగిపోయింది. ఆ పక్కే చాలా ఏళ్లు కిటికీ వైపు ఉండి ఉంటుంది. కాబట్టి ఎవరైనా ఒకే ఒక్క ఫొటో పెట్టి 'రంగు సూపర్' అంటే, మిగతా మూడు పక్కల ఫొటోలు కూడా అడగాల్సిందే.

షెల్ లోపల

హెడ్లు (వాయించే పొరలు) తీసి టార్చి వేసి చూశాను. బూడిద రంగు మీద చిన్న చిన్న చుక్కలు. లుడ్విగ్ వాళ్లు షెల్ లోపల వేసిన ఈ పెయింట్‌ని గ్రానిటోన్ అంటారు. 1960ల మొదట్లో తెల్ల పెయింట్ వేసేవారు. 1968 ప్రాంతంలో పెయింట్ మానేసి, చెక్క కనిపించేలా పారదర్శకమైన పూత వేయడం మొదలుపెట్టారు. షెల్లు మూడు పొరలవి, పైనా కిందా బలం కోసం చెక్క రింగులు. ఆరు పొరల షెల్లు 1976లో గానీ రాలేదు.

బ్యాడ్జి కూడా కాలాన్ని చెబుతుంది. 1960లలో కీస్టోన్ (కమాను నడిమి రాయి) ఆకారపు ఇత్తడి బ్యాడ్జి వాడారు. 1963 చివరి నుంచి దాని మీద సీరియల్ నంబర్ వచ్చింది. 1960లు ముగిసేసరికి నీలం-ఆలివ్ రంగుల బ్యాడ్జి దాని స్థానంలోకి వచ్చింది. నంబర్ లేని కీస్టోన్ బ్యాడ్జి డ్రమ్ములకి గిరాకీ ఎక్కువ.

ఇక్కడ చాలామంది కొత్తవాళ్లు అమ్మకందారుల మాట నమ్మి ఎక్కువ డబ్బు ఇచ్చేస్తారు. 'నంబర్లు వరసగా ఉన్నాయి కాబట్టి ఒరిజినల్ సెట్టు' అనో, 'నంబర్లు కలవలేదు కాబట్టి అతుకుల సెట్టు' అనో అంటుంటారు. లుడ్విగ్ విషయంలో రెండూ చెల్లవు. ఫ్యాక్టరీలో బ్యాడ్జిలు డబ్బాలోంచి చేతికందింది తీసి బిగించారు. ఒకే రోజు ఒకే పెట్టెలో బయటికి వెళ్లిన సెట్టులోనూ నంబర్లు ఎక్కడెక్కడో ఉంటాయి. నంబర్ కన్నా లోపలి తేదీ ముద్ర నమ్మదగినది. అది లేకపోతే పెయింట్, బ్యాడ్జి, హార్డ్‌వేర్ మూడూ ఒకే కాలాన్ని చెబుతున్నాయా అని చూసుకోవాలి.

ధరల పుస్తకం

ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. అమ్మకానికి పెట్టిన ధరలు ఎడమ పక్క, నిజంగా అమ్ముడైన ధరలు కుడి పక్క. ఎడమ పక్క అంకెలకి పెద్దగా విలువ ఇవ్వను. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అదే డ్రమ్ము నెలల తరబడి అదే ధరకి కూర్చుని ఉంటే, ఆ ధర తప్పని అదే చెబుతోంది. నా లెక్కలన్నీ కుడి పక్క నుంచే.

కొన్నాళ్లు రాసేసరికి కొన్ని సంగతులు తేటగా కనిపించాయి. చిన్న సైజులకి ధర ఎక్కువ. 20, 12, 14 అంగుళాల 'డౌన్‌బీట్' సెట్టు అదే రంగు, అదే పరిస్థితిలో ఉన్న సూపర్ క్లాసిక్ కన్నా ఎక్కువ పలుకుతుంది. గ్రెచ్ అనే ఇంకో కంపెనీ 18 అంగుళాల బేస్ డ్రమ్ము అయితే జాజ్ వాళ్లు పోటీ పడి కొంటారు. ఆ పోటీ వల్లే 18 అంగుళాల ఫ్లోర్ టామ్‌ని బేస్ డ్రమ్ముగా మార్చి అమ్మేవాళ్లూ ఉన్నారు. షెల్ పక్కన కాళ్ల బ్రాకెట్లు ఉండే చోట, సమదూరంలో మూడు చోట్ల పూడ్చిన బెజ్జాలు కనిపిస్తే అది మార్చినదే.

రంగుల్లో ఓయిస్టర్ బ్లాక్ పెర్ల్ కథ వేరు. 1963లో లండన్‌లో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ తీసుకున్న లుడ్విగ్ డౌన్‌బీట్ ఆ రంగులోదే. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో ఎడ్ సల్లివన్ షోలో బీటిల్స్ వాయించాక, లుడ్విగ్ ఫ్యాక్టరీకి అందుకోలేనన్ని ఆర్డర్లు వచ్చాయి. రింగో మొదటి లుడ్విగ్ సెట్టు 2015 వేలంలో 20 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ డబ్బు ఆ చేతులకి, ఆ చరిత్రకి. అదే రంగున్న మామూలు సెట్టుకి ఆ లెక్క అంటదు. అయినా ఆ గాలి కొంత తగులుతుంది. అందుకే ఇప్పుడు తయారయ్యే ఓయిస్టర్ ర్యాప్ అంటించి అమ్మే డ్రమ్ములు ఈ రంగులో మరీ ఎక్కువ. పాత పెర్ల్‌లో అలలు ఒకటిలా ఇంకొకటి ఉండదు, లోతు కనిపిస్తుంది. అచ్చు వేసిన కొత్త ర్యాప్‌లో అదే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది. షెల్‌ని నెమ్మదిగా తిప్పుతూ చూస్తే పట్టుబడుతుంది.

బ్లూ స్పార్కిల్ అంత అరుదు కాదు, మరీ మామూలూ కాదు. నాలాంటివాళ్లకి అది మేలు.

మొదటి ఫ్లోర్ టామ్

ఫొటోల్లో మెరిసిపోయింది. అద్భుతమైన నీలం. నాకు అనుమానం వచ్చింది కూడా ఆ నీలం వల్లే. 1965 బ్యాడ్జి ఉన్న డ్రమ్ము చుట్టూ ఎక్కడా పచ్చదనం లేకుండా ఉండొచ్చు, పెట్టెలోనే ఉండిపోతే. అలాంటివి ఉన్నాయి, వాటికి మంచి ధరే ఇవ్వాలి. కానీ దీని క్రోమ్ నిండా చిన్న చిన్న గుంటలు. పెట్టెలో ఉండిపోయిన డ్రమ్ము క్రోమ్‌ని తుప్పు అలా తినెయ్యదు.

నాలుగు ఫొటోలు అడిగాను: బ్యాడ్జి దగ్గరగా, ర్యాప్ అతుకు దగ్గరగా, పై హూప్ తీసి షెల్ అంచు, ఒక లగ్ విప్పిన చోటు. లగ్ ఫొటో తప్ప మిగతావి వచ్చాయి. అవి చాలు. బ్యాడ్జిని పట్టి ఉంచే గ్రోమెట్ (గొట్టం లాంటి లోహపు రింగు) గాలి బెజ్జంలోంచి లోపలికి వచ్చి మడత పడుతుంది. ర్యాప్ మార్చాలంటే ముందు అది ఊడదీయాలి. ఆ మడత నలిగి, ఒక చోట చిరిగి ఉంది. బ్యాడ్జి అంచు కూడా స్క్రూడ్రైవర్ పెట్టి లేపినట్టు వంగింది. ర్యాప్ తళుకులు సన్నగా, గుమికూడకుండా, మరీ సమంగా పరుచుకుని ఉన్నాయి. నా డ్రమ్ముల మీద తళుకులు కాస్త పెద్దవి, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి.

ర్యాప్ మార్చిన డ్రమ్ము చెడ్డది కాదు. వాయించడానికి హాయిగా వాయించుకోవచ్చు. కానీ ఒరిజినల్ ధర అడిగితే మాత్రం తప్పు. నేనైతే అలాంటి దానికి ఒరిజినల్‌లో సగం దాకా వెళ్తాను. అది నా లెక్క. వాయించడానికే కొనేవాళ్లు కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. నాకు ఇది జత కాదు కాబట్టి వదిలేశాను.

రెండోది

రంగు దాదాపు కలిసింది. అయితే ఎవరో కాళ్ల బ్రాకెట్లు మార్చి వేరే కంపెనీవి బిగించారు. షెల్‌కి కొత్తగా ఆరు బెజ్జాలు, పాతవి పూడ్చకుండా అలాగే. బేరింగ్ ఎడ్జ్ (హెడ్ కూర్చునే షెల్ అంచు) కూడా మళ్లీ కోసి పదును చేశారు. ఆ కాలపు లుడ్విగ్ అంచు గుండ్రంగా ఉంటుంది. వెచ్చగా, కాస్త మూసుకున్నట్టు వినిపించే ఆ శబ్దంలో ఆ గుండ్రదనం పాత్ర పెద్దది. బెజ్జాలు పూడ్చొచ్చు, కానీ లోపల గ్రానిటోన్ మీద పూడ్చిన చోటు ఎప్పటికీ కనిపిస్తుంది. కోసేసిన అంచు మాత్రం తిరిగి రాదు. ధర ఎంత తగ్గించినా వద్దనుకున్నాను.

వేరే కంపెనీలవి చూస్తున్నప్పుడు

వేట మధ్యలో చాలా డ్రమ్ములు కంటపడతాయి. నాకు అక్కర్లేకపోయినా రాసి పెట్టుకున్నవి.

గ్రెచ్ రౌండ్ బ్యాడ్జి 1971 దాకా. ఆ కాలపు షెల్లు లోపల వెండి రంగు పెయింట్‌తో ఉంటాయి. రౌండ్ బ్యాడ్జి ఉండి లోపల పెయింట్ గీకేసి ఉంటే విలువ బాగా పడిపోతుంది. రోజర్స్‌లో స్వివ్-ఓ-మ్యాటిక్ హార్డ్‌వేరే సొగసు, అందులో ఒక్క ముక్క లేకపోయినా దాన్ని వెతికి కొనేసరికి సెట్టు మీద ఆదా చేసిందంతా పోతుంది. వాటి 'బ్రెడ్ అండ్ బటర్' లగ్గులు పగుళ్లు పడతాయి, ప్రతి లగ్‌నీ టార్చితో చూడాలి. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో తయారైన పాత ప్రీమియర్ డ్రమ్ములు చౌకగా కనిపిస్తే ముందు సైజు అడగాలి. 1960ల చివరి దాకా వాళ్ల సైజులు ఇప్పటి అంతర్జాతీయ సైజులకి సరిగ్గా కలవవు, మామూలు హెడ్లు ఎక్కవు. అద్భుతమైన పనితనం, కానీ హెడ్ల బెడద తెలిసే కొనాలి.

1960ల జపాన్ సెట్లు, రకరకాల పేర్ల బ్యాడ్జిలతో పాశ్చాత్య మార్కెట్‌కి వెళ్లినవి, వాటిని చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది. షెల్లు పల్చటి లువాన్ చెక్క, హార్డ్‌వేర్ బలహీనం, నిజమే. కానీ వాటి ర్యాప్‌ల అందం గొప్పది. తక్కువ డబ్బుతో ఫినిష్‌ల గురించి నేర్చుకోవాలంటే వాటిని మించిన బడి లేదు.

మూడోది

ఇది చూడ్డానికి ముగ్గురిలో అనాథలా ఉంది. దుమ్ము, పల్చబడిన క్రోమ్, ఒక పక్క ర్యాప్ అతుకు వేలెడంత మేర లేచిపోయింది. ఒక పక్క నీలం, ఇంకో పక్క బాగా తిరిగిన ఆకుపచ్చ.

అమ్మే ఆయన ఓపికమంతుడు. పగటి వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి ఫొటోలు తీయమని అడిగితే తీశారు. రంగు పోల్చాలంటే ఇంతకన్నా తేలిక మార్గం లేదు. ఫోన్ కెమెరా ఒక్కో లైటు కింద ఒక్కో నీలం చూపిస్తుంది. ఫ్రేములో తెల్ల కాగితం ఉంటే ఆ కాగితం తెల్లగా కనిపించేలా సరిచేసి, నా డ్రమ్ములని కూడా అలాగే తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పచ్చగా తిరిగిన పక్కలు దాదాపు ఒకటే. లగ్ కింద నీలం కూడా ఒకటే.

తర్వాత వెళ్లి చూశాను. హెడ్లు తీసి, షెల్‌ని చదునైన రాతి బల్ల మీద బోర్లించి, లోపల టార్చి పెట్టి, గదిలో లైటు ఆర్పాం. అంచు కింద నుంచి వెలుతురు ఎక్కడా పెద్దగా రాలేదు. కొత్త హెడ్ ఒకటి పైన పెడితే తన బరువుకే కూర్చుని, వేలితో తిప్పితే తేలిగ్గా తిరిగింది. అంటే షెల్ గుండ్రం చెడలేదు. లోపల గ్రానిటోన్, 1966 తేదీ ముద్ర. ఫ్యాక్టరీ బెజ్జాలు తప్ప వేరేవి లేవు. మఫ్లర్ (మోత తగ్గించే అమరిక) ఉంది, దాని ఎర్ర ఫెల్ట్ గట్టిపడిపోయింది. హూప్‌ల మీద అయస్కాంతం అతుక్కుంది, అంటే ఉక్కువే. అంతకు ముందటి ఇత్తడి హూప్‌లకి అది అంటుకోదు. మూడు కాళ్లూ వేరే డ్రమ్మువి.

బేరం

ఇక్కడ నేను రెండు ధరలు వేసుకున్నాను. ఒకటి బజారు ధర, ఇంకోటి నా ధర.

బజారు ధరకి నోటుబుక్కు కుడి పక్క చూశాను. ఒరిజినల్ ర్యాప్, మార్పులు చేయని షెల్, మంచి రంగు ఉన్న ఫ్లోర్ టామ్‌కి పలికిన ధర తీసుకుని, రంగు తిరిగినందుకు పావు వంతు తీసేశాను. కాళ్లకీ, అతుకు పనికీ విడిగా తగ్గించాను. కాళ్ల ధర ఊహించి తగ్గించలేదు, ఆ కాలపు కాళ్లు విడిగా ఎంతకి అమ్ముడవుతున్నాయో చూసి అంతే తగ్గించాను. పాత హార్డ్‌వేర్ ధరలు అలా పక్కన రాసి పెట్టుకుంటే బేరంలో మాట తూగుతుంది.

నా ధర అంతకన్నా ఎక్కువ వచ్చింది. బజారుకి రంగు తిరగడం లోపం. నాకు మాత్రం అదే కావాలి. నిగనిగలాడే నీలం ఫ్లోర్ టామ్ తెచ్చి నా రెండింటి పక్కన పెడితే మూడూ మూడు సెట్ల నుంచి వచ్చినట్టు ఉంటాయి. ఇలాగే తిరిగిన రంగు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. పైగా ఫ్లోర్ టామ్ విడిగా దొరకడం కష్టం, విడి బేస్ డ్రమ్ములు మాత్రం కొనేవాళ్లు లేక పడి ఉంటాయి. మూడూ కలిస్తే సెట్టు విలువ మూడింటి విడి ధరల మొత్తాన్ని దాటుతుంది. ఆ తేడాలో కొంత ఇచ్చినా నాకు గిట్టుబాటే.

ఈ రెండు ధరల మధ్య ఒక చోట ఒప్పందం కుదిరింది. అడిగిన దానికన్నా తక్కువ, నేను మొదట చెప్పిన దానికన్నా ఎక్కువ. ఏది ఎందుకు తగ్గిస్తున్నానో ఒక్కొక్కటీ చూపించి చెప్పాను. ఆయన కాళ్ల సంగతి వెంటనే ఒప్పుకున్నారు, రంగు సంగతి దగ్గర కాసేపు వాదించారు. అదీ సబబే. తన డ్రమ్ము మీద ప్రేమ ఉన్నవాళ్లే అలా వాదిస్తారు.

శుభ్రం చేయడం

ఇక్కడ తొందర పనికిరాదు. ఆ కాలపు ర్యాప్‌లలో చాలావాటికి మూల పదార్థం సెల్యులోజ్ నైట్రేట్. అసిటోన్ తగిలితే కరుగుతుంది. మంట తగిలితే భగ్గుమంటుంది. కాబట్టి నెయిల్ పాలిష్ రిమూవర్లు, థిన్నర్లు, హీట్ గన్లు దీని దరిదాపులకి రాకూడదు. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ. నీళ్లు అతుకులోకి, అంచులోకి పోకుండా గుడ్డ బాగా పిండాలి.

మురికి వదిలేసరికి గుడ్డకి ముదురు గోధుమ రంగు అంటింది. పొగ మరక. రంగు ఒక మెట్టు నీలం వైపు జరిగింది, అంతవరకూ సంతోషం. ప్లాస్టిక్ పాలిష్‌తో గట్టిగా రుద్దితే పై పసుపు పొర ఇంకా పల్చబడుతుందని తెలుసు. కొందరు అలా చేసి దాదాపు పాత నీలం తెచ్చారు కూడా. నేను చేయను. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ రుద్దుడు పడితే మచ్చలు తేలతాయి, ఆ మచ్చలు పోవు. పైగా మూడింటినీ సమానంగా రుద్దడం నా చేతుల వల్ల అయ్యే పని కాదు. చాలా సన్నటి పాలిష్‌తో ఒక్కసారి తుడిచి వదిలేశాను.

అతుక్కి కాంటాక్ట్ జిగురు సన్నటి పుల్లతో లోపలికి పంపి, కాస్త ఆరాక అదిమి, గుడ్డ చుట్టిన పట్టీలతో రాత్రంతా బిగించి ఉంచాను. అంచు కొంచెం కుంచించుకుపోయింది కాబట్టి వెంట్రుకవాసి ఖాళీ కనిపిస్తూనే ఉంది. దాన్ని లాగి కలపడానికి ప్రయత్నించలేదు, పాత సెల్యులాయిడ్ లాగితే చిట్లుతుంది.

క్రోమ్ మీద గుంటలు పడ్డవి అలాగే ఉంచాను. కొత్త లగ్గులు బిగిస్తే మెరుస్తాయి, కానీ సెట్టు విలువ తగ్గుతుంది. టెన్షన్ రాడ్లకి (హెడ్‌ని బిగించే పొడవాటి మరలు) మాత్రం నూనె రాసి, మరల్లో పట్టిన మురికి బ్రష్‌తో తీసి బిగించాను.

మూడూ పక్కపక్కన

పచ్చగా తిరిగిన పక్కలు మూడూ వాయించేవాడి వైపు, నీలం పక్కలు ఎదుటివాళ్ల వైపు వచ్చేలా తిప్పి పెట్టాను. ఫ్లోర్ టామ్ కాళ్ల వల్ల దాన్ని ఎలాగైనా తిప్పుకోవచ్చు, బేస్ డ్రమ్ముని మాత్రం తిప్పలేం. దాని తిరిగిన పక్క ఎటుందో దాన్ని బట్టే మిగతావి పెట్టాలి. బల్బు వెలుతురులో తేడా తెలియదు. పగలు చూస్తే ఫ్లోర్ టామ్ ఒక పిసరు ముదురు. ఏడాది తేడా ఉన్న షెల్లకి అది తక్కువే.

మిగిలిన పని బేస్ డ్రమ్ము ముందు హూప్. లుడ్విగ్ చెక్క హూప్ మధ్యలో ర్యాప్‌తోనే సన్నటి ఇన్‌లే పట్టీ ఉంటుంది. నా వెనక హూప్‌కి అది రంగు తిరిగిన బ్లూ స్పార్కిలే. ముందు హూప్‌కి మాత్రం ఎవరో వెండి స్పార్కిల్ పట్టీ అంటించారు. కొత్త ర్యాప్ కోసి అంటించొచ్చు, కానీ అది అక్కడ అరుస్తూ ఉంటుంది. పగిలిపోయి వాయించడానికి పనికిరాని బ్లూ స్పార్కిల్ షెల్ దొరికితే, దాని ర్యాప్‌లోంచి పట్టీ తీసుకోవాలని చూస్తున్నాను. దానికి నోటుబుక్కులో వేసుకున్న ధర, ఒక జత పాత లగ్గుల ధరకి మించకూడదు. పూర్తి హూప్ దొరికితే ఆ ధర రెట్టింపు దాకా వెళ్తాను, ఇన్‌లే రంగు పగటి ఫొటోలో తెల్ల కాగితం పక్కన చూశాకే.